గుడ్డలు ఆరని మూల

గ్రైండరు మళ్లీ ఆగింది. నానిన మినప్పప్పు సగం నలిగి, సగం గింజలు గింజలుగానే రాళ్ల మధ్య ఉండిపోయింది. మెట్ల కింద గోడకు బిగించిన ఇన్వర్టరు ఎర్ర లైటు వెలిగించుకుని కీచుకీచుమని అరుస్తోంది. దాన్ని ఊడబెరికి వీధిలోకి గిరాటేయాలన్నంత కోపమొచ్చింది సాహితికి.

అద్దింట్లో ఉన్నన్నాళ్లూ ఈ పీడ లేదు. అవే సోలార్ ప్యానెళ్లు, అదే ఇన్వర్టరు, అదే గ్రైండరు. మార్కాపురంలో టిఫిన్ హోటళ్లకు ఇడ్లీ పిండి, దోసె పిండి ఆమె ఎండతోనే రుబ్బి పోసేది. కార్తీకంలో తర్లుపాడు రోడ్డు పక్క సొంతింట్లో చేరి, ప్యానెళ్లు విప్పి తెచ్చి డాబా మీద బిగించారో లేదో, మధ్యాహ్నమయితే చాలు ఈ అరుపు మొదలు. పోనీ లైను కరెంటు మీద వేద్దామా అంటే కొత్త కాలనీలో ఆ వేళకు ఎప్పుడూ లోవోల్టేజీ. గ్రైండరు మూలుగుతుందే తప్ప తిరగదు.

ఇదంతా సరిగ్గా ఇప్పుడే రావాలా అన్నది ఆమె ఏడుపు. ఆడపిల్లల హాస్టలు వార్డెను వెంకటసుబ్బులమ్మ కొత్త సంవత్సరం నుంచి రోజూ పిండి పొయ్యమని అడిగింది. అంత పిండికి పెద్ద గ్రైండరు కావాలి. దానికోసం కూడబెట్టిన డబ్బు, అడ్వాన్సు కట్టమని భర్త శ్రీహరి చేతికే ఇచ్చింది. బట్టల దుకాణం హడావిడిలో ఆయన ఇంకా కట్టలేదు. పోస్తావో లేదో శనివారానికల్లా చెప్పాలంది వార్డెను.

ప్యానెళ్లు బిగించిన ఖాలిద్ రెండు మూడు సార్లు వచ్చి చూశాడు. వచ్చినప్పుడల్లా పొద్దున్నే.

"ప్యానెళ్లకేం రోగం లేదక్కా. మీటరు పెట్టి చూసినాను, నిండుగా వస్తా ఉంది. ఇన్వర్టరే ముసలిదైపోయింది. మార్చేయడం మంచిది" అన్నాడు.

"మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూడు నాయనా. అది చచ్చేది అప్పుడే."

"మధ్యాహ్నం పెద్దారవీడులో పనుందక్కా" అని బండెక్కి పోయేవాడు.

శ్రీహరి అయితే సగం వినకముందే తలూపేవాడు. "మార్చేద్దాంలే" అనేవాడు. ఏ డబ్బుతో మారుస్తారని అడిగితే మాట దాటేసేవాడు. అది గ్రైండరు డబ్బేనని ఆమెకు తెలుసు గనకే ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం సగం నలిగిన పప్పును గ్రైండర్లోనే వదిలేసి, విసవిసా డాబా ఎక్కింది గుడ్డలు తీద్దామని. తీగ మీది గుడ్డలన్నీ పెళపెళలాడుతున్నాయి, ట్యాంకు పక్కనున్న మామగారి పంచె తప్ప. అది పొద్దున పిండి ఆరేసినట్టే ఉంది. ఆ కొసన ఏదీ ఆరదని ఆమెకు ఎప్పుడో తెలుసు. అందుకే తీగను వీలైనంత ఈ పక్కకు జరిపి కట్టుకుంది కూడా. వేలికి పంచె తడి తగిలాక తల పైకెత్తింది. దిమ్మె మీద ఎత్తుగా కూర్చున్న నీళ్ల ట్యాంకు. తల దించింది. దాని కాళ్ల దగ్గరే ప్యానెళ్లు, వాటి మీద అడ్డంగా ట్యాంకు నీడ.

రోజూ ఈ నీడలోంచే నడిచిపోయిన తన తలకాయను తనే మొట్టుకుంది సాహితి.

ప్యానెళ్లు అక్కడ పెట్టించింది ఆమె మామగారు పుల్లారావు. బజారులో ఎవరు ఇల్లు కట్టినా వాస్తుకు ఆయన్నే పిలుస్తారు. నైరుతి అన్నిటికన్నా ఎత్తుండాలని ట్యాంకు అక్కడికెక్కించాడు. ఖాలిద్ ప్యానెళ్లను ఈశాన్యం మూలకు మోయబోతే, "ఈశాన్యం మీద బరువు పెడతారా? ఇల్లు ఏమై పోవాల? నైరుతిలో పెట్టండి!" అని అదిలించాడు. అందరూ నోరు మూసుకుని నైరుతిలో పెట్టారు.

దుకాణానికి ఫోను చేసి చెప్పింది.

"నీడా?" అన్నాడు శ్రీహరి. "అయితే మాత్రం? నాయనకు ఎవరు చెప్తారు?"

"మీరు."

"నేనా! వంటింటి కిటికీ గురించి ఒక్క మాటన్నందుకు రెండు పూటలు అన్నం ముట్టలేదు ఆయన. తెలీదా నీకు?"

"అయితే నేను చెప్తా."

"నువ్వసలే చెప్పద్దు. కోడలు ఎదురు తిరిగిందంటాడు. టైం చూసి నేనే చెప్తాలే."

ఆ టైం రానే లేదు. నాయన భోంచేస్తున్నాడు, నాయన పడుకున్నాడు, నాయన పంచాంగం చూస్తున్నాడు. శనివారం వచ్చేసింది. ఆ రోజూ గ్రైండరు ఆగింది. తల పట్టుకు కూర్చున్న సాహితి ముందుకు పుల్లారావు తన పంచె పట్టుకుని వచ్చాడు.

"ఏందమ్మా ఇది? రోజూ తడి పంచే కట్టుకోవాల్నా?"

ఆమెకు ఇక ఓపిక చచ్చిపోయింది. "పైకొచ్చి మీరే చూడండి మామయ్యా" అంది.

ఆయన గోడ పట్టుకుని మెల్లగా ఎక్కాడు. ట్యాంకును చూశాడు, నీడను చూశాడు, ప్యానెళ్లను చూశాడు. ఇక ఇల్లు దద్దరిల్లుతుందని సాహితి పమిట బిగించుకుంది.

"నీడ పడితే కరెంటు తగ్గుద్దా?"

"తగ్గుద్ది మామయ్యా. ఒకదాని మీద పడినా అన్నీ తగ్గుతాయి."

"ఈశాన్యం వద్దన్నా గానీ ఆగ్నేయం వద్దన్నానా?" అంటూ ఎండ కాస్తున్న ఆ మూలకు చెయ్యి చాపాడు. "కరెంటంటే అగ్నే గదా. అది ఉండాల్సిందే ఆగ్నేయంలో. ఇన్నాళ్లూ నాకొక్క మాట చెప్పకపోయినారేంది?"

సాహితికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మెట్లు గబగబా దిగింది, శ్రీహరికి ఫోను చేద్దామని. ఆయన ఖాలిద్‌ను వెంటబెట్టుకుని అప్పటికే దుకాణం నుంచి ఇంటికొచ్చి ఉన్నాడు. మెట్ల కింద ఖాలిద్ పాత ఇన్వర్టరును ఊడదీసి, కొత్తదానికి స్క్రూలు బిగిస్తున్నాడు. అట్టపెట్టె చింపి పక్కన పడేసి ఉంది.

"పాతది మార్పిడికి ఇచ్చేస్తున్నా" అన్నాడు శ్రీహరి వెలిగిపోతున్న మొహంతో. "ఇంక నాయనతో పనే లేదు."

"గ్రైండరు దుడ్లతోనా?"

ఆయన మొహంలో వెలుగు పోయింది.

"ఖాలిద్, దీన్ని వాపసు తీసుకుంటారా?"

"పెట్టె తెరిచినాక తీసుకోరక్కా" అన్నాడు ఖాలిద్, తల ఎత్తకుండానే.

పైనుంచి పుల్లారావు కేక వినిపించింది. "ఒరే శ్రీహరీ! ఖాలిద్‌ను పైకి రమ్మను. ప్యానెళ్లు ఆగ్నేయానికి జరపాల."

శ్రీహరి ఒకసారి పైకి, ఒకసారి భార్య వైపు చూశాడు. అర్థమయ్యేసరికి ఆమె చేతిలో ఫోను మోగింది. వెంకటసుబ్బులమ్మ. సాహితి దాన్ని ఎత్తి, తను మాట్లాడకుండా భర్త చేతిలో పెట్టింది.

"నాయనకు చెప్పలేకపోయినారు. పిండి పొయ్యలేమని ఈమెకన్నా చెప్పండి."

ఫోనులో వార్డెను "హలో... సాహితీ, ఏమైందమ్మా?" అని అడుగుతూనే ఉంది. శ్రీహరి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.