పంజరం అడుగున

పన్నెండో పంజరం ట్రే లాగి, అందులోని కాగితాన్ని నాలుగు మూలలూ పైకెత్తి పట్టుకుని, పొంగబోతున్న పాలగిన్నెను దించినంత జాగ్రత్తగా వెనకగదిలోకి మోసుకెళ్ళి గచ్చుమీద పరిచింది. అప్పటికే అక్కడ పదకొండు కాగితాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మూలన పెన్సిలుతో పంజరం అంకె వేసి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, మొహం గచ్చుకి జానెడు ఎత్తుకు దించి, ఒకటో కాగితం నుంచి చదవడం మొదలుపెట్టింది.

అవి పాత వార్తాపత్రికలు. ఆమెకు అంకెలు తప్ప అక్షరాలు రావు. చదివేది రెట్టలు. నల్లగా చుట్ట చుట్టుకుని నెత్తిన తెల్లటి బొట్టు ఉంటే పిట్ట నిక్షేపంగా ఉన్నట్టు. చుట్టూ తడి వలయం ఉంటే రాత్రి దేనికో బెదిరినట్టు. ఆకుపచ్చగా జిగురు సాగితే తిండి దిగడం లేదు. పసుపు తిరిగితే లోపల కాలేయం చెడింది. అన్నీ పిట్ట కూర్చునే కర్ర కింద ఒకేచోట కుప్పపడితే హాయిగా పడుకుంది, కాగితమంతా చెల్లాచెదరైతే కునుకు లేదు.

"ఏడో నంబరుకి ఇవాళ ఆకు పెట్టకూడదు," అని పైకే అనుకుని, నడుం పట్టుకుని లేచింది.

పిట్టలమ్మే ఆ కొట్లో ఆమెకిది ఇరవయ్యారో ఏడు. అందరూ రెట్టలక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి ఫోనెత్తితే ఆమే "రెట్టలక్కను మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది. ఈ విద్య నేర్పింది కొట్టు పెద్దాయన. "పిట్ట నాటకాలాడుతుందే. ప్రాణం మీదికొచ్చినా కులాసాగా గెంతుతుంది. కాగితం అలా కాదు. నువ్వు పిట్టవంక చూడకు, కిందికి చూడు," అనేవాడు. ఎనిమిది నెలలు కాపురం చేసి కూడా, మొగుడు ఎందుకు వెళ్ళిపోయాడో, ఎప్పుడు వెళ్ళాలనుకున్నాడో ఏమాత్రం కనిపెట్టలేకపోయిన మనిషి ఆమె. ఒక ప్రాణి లోపల ఏం జరుగుతోందో చెప్పే దారి ఒకటుందని తెలిశాక, దాన్ని రెండు చేతులా పట్టుకుంది. పెద్దాయన చెప్పినట్టే కిందికి చూడడం నేర్చుకుంది. మళ్ళీ తలెత్తలేదు.

ఉండేది తమ్ముడింట్లో. రెండు గదుల ఇల్లు. చీకటి పడ్డాక వెళ్ళి, పెరట్లో కుళాయి కింద కాళ్ళూ చేతులూ కడుక్కుని, గుమ్మంలో "వాసన పోయిందా ఒదినా?" అన్న మరదలి ప్రశ్నకు జవాబు చెప్పి, వంటగదిలో చాప పరుచుకుంటుంది. తెల్లారకముందే లేచి వచ్చేస్తుంది. పెద్దాయన పోయినప్పుడు కొట్టు మూడు రోజులు మూశారు. ఆ మూడు రోజులూ ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఎవరో ఒకరికి అడ్డమే అయింది. రెండో రోజు మధ్యాహ్నం, మరదలు గోడ మీంచి పక్కింటావిడతో అన్నమాట చెవినపడింది: "రాత్రికి పడుకోవడానికంటే సరే. పగలంతా ఒక మనిషి ఇంట్లో కూర్చుంటే నేనెక్కడ కూర్చోను?"

ఇప్పుడు కొట్టు పెద్దాయన అల్లుడి చేతిలో ఉంది. అతను చెడ్డవాడేం కాదు. నవ్వుతూ మాట్లాడతాడు. ఆ పొద్దున స్కూటరు మీద మూడు సంచులు తెచ్చి గల్లాపెట్టె ముందు దింపాడు.

"రెట్టలక్కా, ఇలా రా. ఇవాళ నువ్వే పెళ్ళిపెద్దవి. పంజరాల అడుగున ఏం వేద్దామో నువ్వే తేల్చాలి."

"కాగితం ఉందిగా బాబూ."

"కాగితం మాట మరిచిపో. కొనడానికి వచ్చినవాళ్ళు పిట్టను చూడకముందే అడుగు చూసి ముక్కు మూసుకుంటున్నారు. ఇదిగో, చెక్క పొట్టు. ఇవి ఇసుక అంటించిన అట్టలు. ఇది మొక్కజొన్న బెండు, సన్నగా పలుకుల్లా దంచినది. ఇందులో ఎంత పడ్డా కిందికి దిగిపోతుందట, పైకి కనబడదట. వారానికోసారి మారిస్తే చాలు."

వారానికోసారి. ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. రోజూ తీసి రోజూ పరిచే కాగితం లేకపోతే రోజూ వచ్చే మనిషెందుకు? అతను ఆ మాట అనలేదు. అనాల్సిన పని లేదని అతనికీ తెలుసు.

ఆమె వంగి సంచుల్లో చెయ్యిపెట్టి చూసింది. చెక్క పొట్టు గుప్పెడు తీసి వాసన చూసి, "ఈ ఘాటుకి పిట్టకి ఊపిరాడదు," అంది. అట్టమీద బొటనవేలు రుద్ది, "పాదాలు ఒరుసుకుపోతాయి," అంది. మూడో సంచిలో మాత్రం చాలాసేపు చెయ్యి ఉంచింది. లేతపసుపు పలుకులు, తేలిగ్గా, పొడిపొడిగా, అచ్చం గింజల్లాగే ఉన్నాయి. పిట్ట వీటిని గింజలనుకుని మింగుతుంది. మింగితే లోపల తడికి ఉబ్బుతాయి. ఆ సంగతి ఆమెకు ముట్టుకోగానే తెలిసింది.

"ఇది బాగుంది," అంది.

"అద్గదీ! అయితే ఇవాళ ఒక్క పంజరంలో వేసి ఇక్కడ నా ముందు పెట్టు. వచ్చిపోయేవాళ్ళు ఏమంటారో చూద్దాం. సాయంత్రానికి బాగుందనిపిస్తే రేపు అన్నిట్లోనూ వేసేద్దాం. ఏ పిట్టను పెడతావు?"

"పన్నెండో నంబరు."

అతను పకపకా నవ్వాడు. "ముసలాడినా? సరే కానీ. వాడినెలాగూ ఎవరూ కొనరు."

పన్నెండో నంబరు ఒక ముసలి కెనరీ. ఒక కన్ను మీద పాలపొర కమ్మింది. పాట మానేసి రెండేళ్ళయింది. తోకలో మూడు ఈకలు మిగిలాయి. ఆమె చెయ్యి పంజరంలోకి రాగానే గెంతి బొటనవేలు మీద కూర్చుంటుంది. కొట్లో మరే పిట్టా ఆ పని చెయ్యదు. గింజల గిన్నె నిండుగా ఉన్నా కింద పడ్డదాన్నే ఏరుకుని తినే అలవాటు దానిది. ఆమె దాన్ని ఎంచుకుంది అందుకే.

ఆమె లెక్క సూటిగా ఉంది. పలుకులు మింగితే మధ్యాహ్నానికి దాని కడుపు బిగుస్తుంది. గట్టిది దిగక రెట్ట నీళ్ళలా పడుతుంది. అప్పుడు కింద ఒక కాగితం పరిచి, పడ్డది అల్లుడికి చూపించి, "చూశారా బాబూ" అంటుంది. తర్వాత ముక్కులో రెండు చుక్కలు ఆముదం వేస్తే సాయంత్రానికి కడుపు జాడించుకుని లేచి కూర్చుంటుంది. ఇలా కడుపు బిగిసిన పిట్టల్ని ఆమె చాలాసార్లు బతికించింది. ఒక్క పూట బాధ. దాంతో తన పగళ్ళు తనకి మిగులుతాయి.

ట్రేలో రెండంగుళాల మందాన పలుకులు పోసి అరచేత్తో చదును చేసింది. ముసలాడు ఎప్పట్లాగే బొటనవేలెక్కాడు. "దిగరా," అని కర్రమీదికి దించింది. ఆలస్యం కాకూడదని గింజల గిన్నె ఊడదీసి తన పనికోటు జేబులో వేసుకుంది. ఆకలైతే తొందరగా మింగుతాడు. పంజరాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పనిలోకి వెళ్ళింది.

పదిగంటలకు నీళ్ళ సీసా వంకతో ముందుకొచ్చింది. ముసలాడు కింద దిగి టకటకా ఏరుకుంటున్నాడు. బాగానే ఉంది. పన్నెండింటికి చీపురు వంకతో వచ్చింది. కింద చూసింది. ఏమీ లేదు. చదునైన లేతపసుపు నేల, ఎండలో ఆరబోసిన ధాన్యంలా శుభ్రంగా ఉంది. మామూలుగా ఆ వేళకి కాగితం మీద పాతిక రెట్టలన్నా ఉండాలి. పడితే కిందికి దిగిపోతుందన్నాడు కదా, దిగిపోయి ఉంటాయి. వేలితో కెలికి చూడబోయింది.

"కెలక్కక్కా, అందం పోతుంది," అన్నాడు అల్లుడు. అప్పుడే కొట్లోకి వచ్చిన ఒకావిడతో, "చూడండమ్మా, పొద్దున వేసింది, ఒక్క మరకుందా?" అన్నాడు.

ఆవిడ పంజరం మీదికి వంగి చూసింది. "భలే ఉందండీ. మా ఇంట్లో కాగితాలతో చస్తున్నాను. అసలిందులో పిట్ట ఉన్నట్టే లేదు."

రెట్టలక్క కిందికే చూస్తూ నిలబడింది. నీళ్ళలా పడిందా, జిగురుగా పడిందా, అసలు పడిందా లేదా? ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఆమెకు ఏమీ కనబడలేదు. కన్నెత్తి కర్రమీది పిట్టను చూసింది. ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చున్నాడు. అది చలా, ఆకలా, నొప్పా? పిట్టవంక చూసి తెలుసుకోవడం ఆమెకు రాదు. నాటకాలాడుతున్నాడు అనుకుంది. ఇంకాసేపు చూద్దాం అనుకుంది. గిన్నె ఇప్పుడే పెట్టేస్తే రోజంతా వృథా అవుతుంది.

మధ్యాహ్నం సరుకు వచ్చింది. అరవై చిలకపిల్లల్ని పెట్టెల్లోంచి పంజరాల్లోకి మార్చడం, కాళ్ళు చూడడం, నీళ్ళు పట్టడం. ప్రతి పంజరంలోనూ కాగితం పరిచింది, మూలన అంకె వేసింది. రేపు ఈ కాగితాలు చదవాలి అనుకుంటూనే వేసింది. మధ్యలో రెండుసార్లు ముందుకొచ్చింది. రెండుసార్లూ కిందే చూసింది. రెండుసార్లూ శుభ్రంగానే ఉంది. రెండోసారి ముసలాడు కర్ర దిగి పలుకుల్లో పడుకున్నాడు. మెత్తగా ఉంది కాబోలు, కునుకు తీస్తున్నాడు అనుకుంది.

నాలుగు దాటాక, ఇక లాభం లేదని, ఒక కాగితం ముక్కా ఆముదం సీసా పట్టుకుని వచ్చి పంజరం తలుపు తీసింది. చెయ్యి లోపల పెట్టింది. బొటనవేలు చాపి కాసేపు అలాగే ఉంచింది.

"ఏరా," అంది.

అల్లుడు లేచి వచ్చి తొంగి చూశాడు. చూపుడువేలితో పిట్టను కదిపాడు. అది కట్టెముక్కలా ఒక పక్కకి దొర్లింది.

"పోయాడే!"

"ఈ పలుకులు తిని పోయాడు బాబూ," అంది ఆమె గబగబా. ఏ మాట చెప్పడానికి పొద్దుట్నించీ కాచుకుందో ఆ మాటే. "చూశారా, కాగితమైతే పొద్దున్నే తెలిసేది. ఇందులో వేస్తే పిట్టలన్నీ ఇలాగే..."

"తిండి ఉండగా వాడు ఇవెందుకు తింటాడు?" అంటూ అతను పంజరం చుట్టూ చూశాడు. "గిన్నె ఏదక్కా?"

ఆమె చెయ్యి దానంతటదే కోటు జేబు మీదికి వెళ్ళింది. అతను ఆ చెయ్యినీ, ఎత్తుగా ఉన్న జేబునూ చూశాడు. ఆమె గిన్నె తీసి గల్లాపెట్టె మీద పెట్టింది. పెట్టేటప్పుడు నాలుగు గింజలు ఒలికి పైనున్న అద్దం పలక మీద చప్పుడు చేశాయి.

అతను తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా నవ్వి, తల పక్కకి ఊపాడు.

"పోనీలే. ఎవరికీ చెప్పను. ముసలి పిట్ట, ఇవాళ కాకపోతే రేపు పోయేదే." పంజరం అడుగువంక మెచ్చుకోలుగా చూశాడు. "కానీ అక్కా, ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పిట్ట రోజంతా నా పక్కనే చస్తున్నా ఒక్కడికీ తెలియలేదు. ఎంత నీటుగా ఉందో! ఇరవై సంచులు చెప్పేస్తా."

"బాబూ..."

"నిన్ను మానమని ఎవరన్నారు? ఆదివారం ఆదివారం రా. వారానికోసారి అన్నీ దులిపి మార్చేద్దువు గాని. మిగతా రోజులు ఇంట్లో హాయిగా కూర్చో. ఈ వయసులో మోకాళ్ళమీద ఎందుకు చెప్పు?"

ఆమె పిట్టను తీసి అరచేతిలో పెట్టుకుంది. కడుపు గట్టిగా, గుండ్రంగా, గులకరాయిలా తగిలింది. మిగతా ఒళ్ళు ఉందో లేదో అన్నంత తేలిక. దాన్ని జేబులో వేసుకుని, కోటు విప్పబోయి, మళ్ళీ జేబులో పిట్ట ఉందని గుర్తొచ్చి, కోటుతోనే మెట్లు దిగింది.

వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఆ వేళప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంటికి వెళ్ళడానికి ఇంకా రెండు గంటల పొద్దుంది. తమ్ముడి ఇంటి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, చెప్పులు కుట్టేవాడి దగ్గర చెప్పు తెగినట్టు కాసేపు నిలబడి, మళ్ళీ నడిచింది.

కొట్లో దీపాలు వేశాక ఎవరో దంపతులు వచ్చి పంజరం ముందు ఆగారు. "దీని అడుగున వేసిందేమిటండీ, బాగుందే!" అన్నాడు భర్త. పంజరం అడుగు అంతా చదునుగా, లేతపసుపుగా, మరక లేకుండా ఉంది. ఒక మూలన మాత్రం, ఒక పక్కకి ఒరిగి పడుకున్న పిట్టంత మేర, చిన్న గుంట ఉంది.