చుక్క పడిందా?

భార్య పోయిన రోజుకి మాస్టారి కుడికంటికి ఆపరేషనై నాలుగు రోజులు. పొద్దున పదింటికి ఆమె ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, మందు చుక్క వేసింది.

"పడిందా?"

"పడింది."

"కళ్లు మూసుకునే ఉండండి. అయిదు నిమిషాలాగి రెండోది వేస్తాను," అంటూ చేతులు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆయన గోడగడియారం చప్పుడు వింటూ కూర్చున్నారు. అయిదు నిమిషాలు పదయ్యాయి. పిలిచారు. పలకలేదు. తడుముకుంటూ వెళ్లేసరికి ఆమె స్టవ్ పక్కన నేల మీద ఉంది. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ తర్వాత రెండు వారాలు ఇంటినిండా జనం. వచ్చినవాళ్లందరూ "మందు వేసుకున్నారా?" అని అడగడం, ఈయన "వేసుకున్నాను" అనడం. తల పైకెత్తి సీసా నొక్కితే చెంప తడిసేది. చెంప తడిసిందంటే కంట్లోనూ పడే ఉంటుందని సరిపెట్టుకున్నారు. నిజానికి చుక్క పడిందీ లేనిదీ ఆయనకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఆ రోజు పదింటికీ తెలియలేదు. ఆమె చెయ్యి కదిలినట్టనిపించగానే "పడింది" అనెయ్యడం అలవాటు. లేకపోతే ఆమె మళ్లీ వంగి చూడాలి. అసలే నడుంనొప్పి మనిషి.

షుగరు వల్ల కంటి లోపల చిమ్మిన రక్తాన్ని తీసే ఆపరేషన్ అది. మధ్యలో కంటి ముందున్న పొర మసకబారి లోపల ఏమీ కనిపించక, డాక్టరమ్మ ఆ పైపొరను కాస్త గీకవలసి వచ్చింది. వారంలో మానవలసిన పుండు మానలేదు. తెల్లటి మచ్చ కట్టింది. ఆ కంట్లో ఇప్పుడు వెలుతురు ఉంది, మనుషులు లేరు.

ఆరు నెలలకి ఎడమకంట్లోనూ రక్తం చిమ్మి నల్లటి దారాలు వేలాడాయి. దానికీ అదే ఆపరేషన్ అన్నారు. ఉన్నది ఇక ఆ ఒక్క కన్నే.

ఆసుపత్రిలో పెద్ద సిస్టరు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. "దూదిపోగు నల్లగుడ్డుకి తాకిస్తాను. తెలియగానే చెప్పండి మాస్టారూ."

"తెలిసింది."

"నేనింకా దూది తియ్యనేలేదు!"

కాసేపాగి మళ్లీ, "ఆఁ, తెలిసింది."

"ఇప్పుడూ లేదు. మీ పిల్లలెవరైనా ఇలా ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే ఏం చేసేవారు?"

"బెంచీ ఎక్కించేవాణ్ణి."

"అయితే ఎక్కండి మరి," అని నవ్వింది. ఆ తర్వాత ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. మాస్టారు కూడా అనలేదు. చివరికి నెమ్మదిగా అంది: "మూడుసార్లు తాకించానండీ."

డాక్టరమ్మ వచ్చి చూసింది. "షుగరు కంటి నరాల్ని కూడా మొద్దుబారుస్తుందండీ. మీ కార్నియాకి దెబ్బ తగిలినా మీకు తెలియదు, ఎండిపోయినా తెలియదు. మానడమూ ఆలస్యమే."

మాస్టారు ముప్పై ఏళ్లు సైన్సు చెప్పారు. బోర్డు మీద కన్ను బొమ్మ వేసి, ముందువైపు వంపు గీత ఒకటి గీసి, దానికో బాణం పెట్టి, కార్నియా అని రాసి, గబగబా లెన్సు దగ్గరికి వెళ్లిపోయేవారు. దాని గురించి రెండో వాక్యం ఎన్నడూ చెప్పిన గుర్తు లేదు.

"ఈసారి పొర ఆరిపోకుండా, మాటిమాటికీ నీళ్లు కొట్టే బదులు కంటి మీద జెల్లు పూస్తాను," అంది డాక్టరమ్మ. "పొర తేటగా ఉంటే గీకే పని రాదు. బల్ల మీద ఉన్నంతసేపూ కాపాడే పూచీ నాది. ఆ తర్వాత? ఇంట్లో చుక్కలు వెయ్యడానికి ఎవరున్నారు?"

"ఉన్నారు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిస్టరు ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఎవరూ లేరమ్మా."

"ఎవరో ఒకరిని తీసుకురండి. అప్పుడే తేదీ ఇస్తాను."

ఆయనకు మిగిలింది ఒక్క మరదలు. నాలుగు వీధుల అవతల కుట్టుమిషను పెట్టుకుంది. అక్క పోయిన నాటినుంచి ఆమె ఫోను చేస్తూనే ఉంది, ఈయన ఎత్తడం మానేశారు. మందు వేసుకున్నారా అని అందరూ అడిగే ప్రశ్నే ఆమె కూడా అడుగుతుందని భయం.

గుమ్మంలో ఈయన్ని చూసి ఆమె మిషను ఆపలేదు. "దారి తప్పి వచ్చారా బావా?"

"చూపు తప్పి వచ్చాను," అని సంగతంతా చెప్పారు.

ఆమె దారం పంటితో తెంపింది. "ఎన్ని గంటలకోసారి?"

"రెండు గంటలకి."

"మిషను మీ ఇంటికే తెస్తాను. మీ కన్ను మానేదాకా జనం చొక్కాల్లేకుండా తిరగరుగా!"

ఆపరేషన్ బల్ల మీద మొహానికి గుడ్డ కప్పారు. మత్తిచ్చిన కంటికి నొప్పి లేదు. గుడ్డ కింద ఆయన ఊపిరి ఆయనకే వినబడుతోంది. పోయినసారి బయట బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉందన్న ధైర్యం ఉండేది. "జెల్లు," అంది డాక్టరమ్మ. కాసేపటికి మళ్లీ, "జెల్లు." ఆఖరున, "తేటగా ఉందండీ. గీకలేదు."

మర్నాడు పదింటికి మరదలు కుర్చీ వెనక నిలబడి రెప్ప లాగింది.

"పడిందా బావా?"

నోరు దానంతటదే తెరుచుకుంది. ఆయన మూసుకున్నారు. "నాకు తెలియదమ్మా. నువ్వే చూసి చెప్పు."

ఆమె వంగి చూసింది. "లేదు, రెప్ప మీద పడింది. కదలకండి... ఆఁ, ఇప్పుడు పడింది."

గడియారం చూసి, మిషను దగ్గర కూర్చుంది. కుట్టలేదు.

"అక్క చివరగా మిమ్మల్ని ఏమడిగింది బావా?"

"చుక్క పడిందా అని అడిగింది."

"మీరేమన్నారు?"

అయిదు నిమిషాలయ్యాయి. ఆమె లేచి రెండో సీసా మూత తీసింది. వేసి, వంగి చూసి, పడిందని తనే చెప్పింది.

మూడు వారాలకి కార్నియా గాజులా ఉందని డాక్టరమ్మ అంది. సీసాలు ఆగిపోయాయి. మరదలు మిషనుతో తన కొట్టుకి వెళ్లిపోయింది. ఎడమకంటితో మాస్టారికి గోడగడియారం ముల్లు కనిపిస్తోంది, స్టవ్ పక్కన నేల కనిపిస్తోంది.

"మీరేమన్నారు?" అని మరదలు అడిగినదానికి ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.