తేదీ ముందా, నెల ముందా

నాగమల్లేశ్వరి చీరపీలికతో బోర్డు తుడుస్తోంది. ఆ వృద్ధుల నివాసం వాళ్ళు ఇచ్చిన డస్టరు అక్షరాలను చెరపదు, నాలుగు వైపులా పులుముతుంది. అందుకని పాత మంగళగిరి చీరలోంచి జానెడు గుడ్డ చింపి, చుట్టూ కుట్టి తెచ్చుకుంది. లేత పసుపు నేత, ఎర్ర అంచు. వాడగా వాడగా మార్కరు సిరా అంటి పసుపు సగం నీలమైంది. పని కాగానే దాన్ని బోర్డు పక్కన మేకుకు తగిలిస్తుంది.

మనిషి పొట్టి. బోర్డు పైభాగం అందాలంటే మునివేళ్ళ మీద లేవాలి, లేచినప్పుడల్లా ఎడమ మోకాలు టక్కుమంటుంది. మెరూన్ రంగు యూనిఫాం చొక్కా భుజాల మీద నుంచి జారుతూ ఉంటుంది. ఆ చొక్కాకున్న బ్యాడ్జి మీద పేరు 'మ్యాగీ'. నాగమల్లేశ్వరి అన్న పేరు దాని మీద పట్టలేదట. పట్టకపోతే బ్యాడ్జి పెద్దది చేయించాలి గాని, నిక్షేపంలాంటి మనిషిని నూడుల్స్ పొట్లం చేస్తారా? ఆవిడ మాత్రం నవ్వేసి ఊరుకుంది.

తెనాలి దగ్గర అంగన్‌వాడీలో ఏళ్ళ తరబడి పిల్లలకు అన్నం తినిపించి, అక్షరాలు దిద్దించిన మనిషి. చెల్లెలు పెట్టిన అర్జీ పండి వీసా చేతికొచ్చేసరికి ఈవిడ తల పండిపోయింది. ఇప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఉంటున్నారు. భర్త పద్మనాభం ఇండియన్ గ్రాసరీ స్టోర్‌లో బియ్యం బస్తాలు సర్దుతాడు. ఈవిడ ఈ నివాసంలో ముసలివాళ్ళకు ఓట్స్ తినిపిస్తుంది, స్వెట్టర్ల గుండీలు పెడుతుంది, చక్రాల కుర్చీలను ఎండపొడ తగిలే కిటికీ దగ్గరకు తోస్తుంది. పని ఇక్కడే గాని ఉద్యోగం ఇక్కడిది కాదు, మనుషులను సరఫరా చేసే ఏజెన్సీది. వద్దనుకుంటే నివాసం వాళ్ళు ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ఇన్ని పనుల్లో ఆవిడ తనదనుకునేది ఈ బోర్డొక్కటే. 'చరిత్రలో ఈ రోజు' అని పైన అచ్చు అక్షరాలు. కింద అదే తేదీన ఎప్పుడో జరిగిన గొప్ప సంగతి ఒకటి రాయాలి. అదీ పొడుపుకథలా రాయాలి. సంగతి పేరు చెప్పకూడదు, సూచనలు ఇవ్వాలి, బొమ్మ వేయాలి. ముసలివాళ్ళు పొద్దుటినుంచీ బుర్ర గోక్కుని, సాయంత్రం టీ వేళ జవాబు చెబుతారు. జ్ఞాపకశక్తికి మంచిదని నివాసం వాళ్ళే పెట్టిన పద్ధతి ఇది. మామూలు రోజుల్లో సంగతి ఆఫీసు నుంచి అచ్చయి వస్తుంది. ఆదివారం ఆఫీసు ఖాళీ కాబట్టి ఆ రోజు ఎంపిక నాగమల్లేశ్వరిది. వారమంతా ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూస్తుంది.

ఈ ఆదివారం నవంబరు తొమ్మిది. ఏం రాయాలో మిసెస్ క్రౌజ్ ముందే చెప్పి పెట్టింది. నాగమల్లేశ్వరి మనసులో ఆవిడ పేరు జర్మనీ మామ్మ. పుట్టింది బెర్లిన్‌లో. ఊరి మధ్య గోడ కట్టినప్పుడు అక్క అవతల, తను ఇవతల ఉండిపోయారు. ఆ గోడ కూలిన రోజు ఇక్కడ టీవీ ముందు కూర్చుని తెరమీద జనంలో అక్క మొహం కోసం వెతికిందట. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోయే మామ్మకు ఆ రోజు మాత్రం నిన్నటిలా గుర్తుంది.

"ఇవాళ నా రోజు కదూ, మ్యాగీ?" అంటూ చెయ్యి పట్టుకుంది మామ్మ.

"యెస్ మామ్మా, యువర్ డే. ఐ రైట్ బిగ్ బిగ్" అంది నాగమల్లేశ్వరి.

అన్నట్టే పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసింది. 'ఈ రోజు ఏం కూలిపోయింది? జనం వీధుల్లో డాన్స్ చేశారు. చాలా సంతోషమైన రోజు!' కింద బొమ్మ వేసింది. రెండు ఎత్తయిన గోడ ముక్కలు, మధ్యలో సందు, సందులోంచి పరుగెత్తుకొస్తున్న చిన్న చిన్న మనుషులు. చోటంతా అయిపోయి తేదీకి మూల కాస్త మిగిలింది. నవంబరు అన్న మాట అక్కడ పట్టదు. అంగన్‌వాడీ నల్లబల్ల మూల రోజూ వేసినట్టే తేదీ, గీత, నెల వేసేసింది. 9/11.

ఏదైనా ఫారం నింపేటప్పుడైతే ఆగుతుంది. ఈ దేశంలో నెల ముందు రాయాలి కదా అని గుర్తు చేసుకుని మరీ రాస్తుంది. బోర్డు ముందు నిలబడితే మాత్రం ఆవిడ తెనాలి టీచరమ్మే. చెయ్యి దానంతటదే పోయింది.

ఆదివారం చుట్టాలు వచ్చే రోజు. అల్పాహారాలు అవుతుండగా మిసెస్ బర్క్ కొడుకు వచ్చాడు. అరవై దాటిన పెద్దమనిషి, తలమీద అగ్నిమాపక దళం టోపీ, రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు. తల్లి కుర్చీ వైపు వెళ్తూ బోర్డు ముందు ఆగిపోయాడు. చదివాడు. బొమ్మ చూశాడు. మూలనున్న అంకెలు చూశాడు.

"ఎవరు రాశారిది?"

మెచ్చుకోవడానికే అడుగుతున్నాడనుకుంది పిచ్చితల్లి. మొహమంతా నవ్వు చేసుకుని, "మీ, సర్! యూ గెస్!" అంది.

ఆయన కప్పులు రెండూ పక్క బల్ల మీద పెట్టేశాడు. "నా తమ్ముడు న్యూయార్క్‌లో ఫైర్‌మన్. ఆ మెట్లు ఎక్కుతూనే పోయాడు. నేను గెస్ చేయాలా?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. చేసినా బాగుండేది.

నాగమల్లేశ్వరికి మాటలు అందాయి గాని సంగతి అందలేదు. గోడకూ ఫైర్‌మన్‌కూ సంబంధమేమిటో తెలియక నిలబడింది. ఇంతలో డ్యూటీ మేనేజరు శ్రీవిద్య వచ్చింది. గుంటూరు పిల్ల, చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. కారిడార్‌లో ఎవరూ లేనప్పుడు "ఆంటీ, గోంగూర ఉందా?" అని అడిగి మరీ తినే పిల్ల. ఆమె బోర్డు వైపు ఒక్కసారి చూసింది. అంతా అర్థమైంది. ఎందుకు కాదు? తను వచ్చిన కొత్తలో ఇదే తిరకాసులో పడి, మే నాలుగున ఉన్న పరీక్షకు ఏప్రిల్ ఐదున వెళ్ళి తాళం చూసుకుని వచ్చింది. నవ్వుతూ ఆ కథ నాగమల్లేశ్వరికి చెప్పింది కూడా.

"ఇది తేదీ అండీ, ఇవాళ్టి తేదీ" అంటే చాలు. అన్నదా? లేదు. "వెరీ సారీ సర్. వెంటనే యాక్షన్ తీసుకుంటాం" అంది.

"గోడ! అది గోడ! మా దేశంలోనూ రోజే ముందు రాస్తారు!" అని కిటికీ దగ్గర నుంచి జర్మనీ మామ్మ అరిచింది. శ్రీవిద్య ఆవిడ భుజం తట్టి, "ఆవిడకు జ్ఞాపకం సరిగ్గా ఉండదు" అని బర్క్‌తో మెల్లగా చెప్పింది. ఆ హాల్లో నిజం మాట్లాడినది ఆ మామ్మ ఒక్కతే. ఆవిడకే మతి లేదన్నారు.

ఆఫీసు గది తలుపు మూశాక తెలుగు బయటికొచ్చింది.

"ఏంటాంటీ ఇది? ఒక్కసారి నన్ను అడగొచ్చు కదా!"

"నేనేం తప్పు జేశానమ్మా? ఇయ్యాల తొమ్మిదో తారీఖేగా?"

"తొమ్మిదే. బట్ ఇక్కడ అలా రాస్తే సెప్టెంబర్ లెవెన్. టవర్స్ కూలిన రోజు. దాని కింద హ్యాపీ డే అని రాశారు మీరు."

నాగమల్లేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఆయన తమ్ముడా... నేను పొయ్యి చెప్తా. తేదీ ముందేశానని ఒక్క మాట చెప్పొస్తా."

"వద్దు. మీరు ఎవరితోనూ మాట్లాడొద్దు. ఇష్యూ ఇంకా పెద్దదవుతుంది."

"పోనీ నువ్వు చెప్పు. నీకు తెల్సుగా."

శ్రీవిద్య ఫోన్ వైపు చూసింది. "నేను చెప్తే మీవాళ్ళని వెనకేసుకొస్తున్నావంటారు ఆంటీ. నెక్స్ట్ మంత్ నాకు డైరెక్టర్ ఇంటర్వ్యూ ఉంది. ఏజెన్సీకి కాల్ చేసేశాను. ఇక్కడ మీ అసైన్‌మెంట్ ఎండ్ అయింది."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పొడుపుకథ పద్ధతి పెట్టింది నివాసం వాళ్ళు. ఆదివారం బోర్డును ఈవిడ చేతిలో పెట్టి వెళ్ళింది ఆఫీసు వాళ్ళు. తెలిసీ నోరు మూసుకున్నది శ్రీవిద్య. పిడికెళ్ళన్నీ తెచ్చి ఈవిడ ఒక్కదాని ఒళ్ళో పోశారు. పోనీ ఆ పెద్దమనిషి బాధైనా తగ్గిందా అంటే, అదీ లేదు. తన తమ్ముడి చావును ఎవరో పండుగ చేసుకున్నారన్న ముల్లు గుచ్చుకునే ఉంది. ఒక్క మాటతో ఊడొచ్చే ముల్లది.

బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టమన్నారు, పెట్టింది. ఫ్రిజ్‌లోంచి టిఫిన్ డబ్బా తీసుకుంది. ఆదివారం అటు బస్సు లేదు. పద్మనాభానికి ఫోన్ చేస్తే స్టోర్ మేనేజరును అడిగి వస్తానన్నాడు. "బయట వెయిట్ చేయండి ఆంటీ, లోపల ఫ్యామిలీస్ ఉన్నారు కదా" అంది శ్రీవిద్య. పచ్చడి తిన్న నోటితోనే అంది.

పార్కింగ్ పక్క బల్ల మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చలిగాలికి ఎండుటాకులు కాళ్ళ దగ్గర చేరుతున్నాయి. కాసేపటికి బర్క్ బయటికొచ్చి తన ట్రక్కు వైపు నడిచాడు. ఎవరితోనూ మాట్లాడొద్దన్న మాట ఆవిడకు గుర్తుంది. ఎవరి మాట ఎవరు వినాలి ఇంక? లేచి ఎదురు వెళ్ళింది.

"సర్. మై కంట్రీ, డేట్ ఫస్ట్, మంత్ నెక్స్ట్. టుడే నవంబర్ నైన్. బెర్లిన్ వాల్, సర్. నాట్ యువర్ బ్రదర్. నెవర్ యువర్ బ్రదర్."

ఆయన ఫోన్ తీసి తేదీ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ పెద్దావిడ అరిచింది ఇదేనన్నమాట! ఆఫీసు వాళ్ళు ఒక్కరూ నాకీ మాట చెప్పలేదే! మీ పేరేమిటి?"

ఆవిడ చొక్కా కేసి చూసుకుంది. బ్యాడ్జి లేదు. "నాగమల్లేశ్వరి" అంది, పూర్తిగా. ఆయన పలకబోయి తడబడ్డాడు. మళ్ళీ ప్రయత్నించి, ముక్కలు ముక్కలుగానైనా చివరిదాకా పలికాడు. పలికి, గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళాడు.

అద్దాల తలుపులోంచి ఆవిడకు కనిపిస్తూనే ఉంది. ఆయన చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. శ్రీవిద్య నవ్వుతూ తల ఊపుతోంది. నవ్వు అలాగే ఉంది, తల అలాగే ఊగుతోంది. ఆయన తిరిగొచ్చినప్పుడు మొహంలో ఇందాకటి కోపం మరో వైపు తిరిగి ఉంది.

"కంప్లెయింట్ వెనక్కి తీసుకుంటానన్నాను. ఇప్పటికే పూర్తయిపోయిందట. ప్రొసీజర్ అట. ఐయామ్ సారీ, మ్యామ్."

బాధపడ్డవాడు క్షమించినా శిక్ష మాత్రం క్షమించదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మన ఊళ్ళ గుళ్ళకే అనుకున్నాం. ఇక్కడ పూజారి మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరుగుతున్నాడు, అంతే తేడా.

పద్మనాభం కారు వచ్చింది. భార్య మొహం చూసి, "ఏమైందే?" అన్నాడు.

"తేదీ ముందేశా" అంది నాగమల్లేశ్వరి. కారెక్కి, డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని, నివాసం వైపు చూడకుండా బెల్టు పెట్టుకుంది.

లోపల శ్రీవిద్య డస్టరు తీసుకుని బోర్డు తుడవబోయింది. గోడ పోలేదు, పులుముకుని ఇంకా పెద్దదైంది. చివరికి మేకుకున్న చీరపీలిక తీసుకుని దానితోనే తుడిచి, 'నవంబర్ 9. హ్యాపీ సండే' అని రాసి, పీలికను మళ్ళీ తగిలించింది.

టీ వేళ అయింది. జర్మనీ మామ్మ కుర్చీని తనే తోసుకుంటూ బోర్డు ముందుకు వచ్చి, "మ్యాగీ ఏది?" అని అడిగింది. ఇవాళ సెలవన్నారు. మామ్మ బొమ్మ లేని బోర్డు వైపు తిరిగి, "గోడ" అంది గట్టిగా. జవాబు సరైనదే. సరైనదని చెప్పేవాళ్ళు లేరు. బోర్డు పక్క మేకుకు, కొత్తగా అంటిన నీలంతో, ఎర్ర అంచు చీరపీలిక వేలాడుతోంది.