నడుమ గోడ లేని అటక

"ఇయ్యాల రైలుబండి ధారూరు కాడ ఆగిపోతే ఎట్ల రామమ్మా? జడ్జి సాబు పేరు పిలుస్తడు. మేము లేకపోతిమనుకో, పిలగాన్ని అటే జైలుకు తోలుతరు."

మాట నడుస్తున్నా మహబూబ్‌బీ చెయ్యి ఆగలేదు. తాండూరు రాళ్ల కార్ఖానాలో ఆ పొద్దుటి మొదటి బండ మిషను కింద నునుపు దేరుతోంది. చెంబుతో నీళ్లు వంచడం, తెల్లటి మడ్డిని చీపురుతో పక్కకు తొయ్యడం, మళ్లీ వంచడం. పంతొమ్మిదేళ్లుగా అదే పని. నీళ్లు ఒక్క క్షణం ఆగినా బండ మీద గీత పడుతుంది. ఆమె చేతి కింద గీత పడిన బండ లేదని మేస్త్రీలే చెప్పుకుంటారు. ఆ మడ్డిలో నాని నాని ఆమె వేలికొనల మీద గీతలు మాత్రం ఎప్పుడో చెరిగిపోయాయి.

"ఆగితే నువ్వే దిగి తొయ్యి," అంది పక్క మిషను రామమ్మ. "నిరుడు కార్ఖానా కప్పు కూలుతదంటివి. కూలిందా?"

"కూలేదాక ఆగాల్నా మరి?"

కోర్టు ఉన్న రోజు కూడా రెండు బండలు పూర్తి చేయనిదే ఆమె కదల్లేదు. సగంలో ఉన్న బండను వేరే చేతికి అప్పగిస్తే చెడుతుందని భయం. కాళ్లకు అంటిన మడ్డి కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, స్టేషనులో ఎదురుచూస్తున్న కొడుకు తాజ్ మొహమ్మద్‌ను కలిసింది. ప్యాసింజరు వేళకే వచ్చింది. ధారూరులో ఆగింది, కదిలింది కూడా. ఆమె మాత్రం వికారాబాద్ దాకా కిటికీ ఊచ వదల్లేదు.

ఇంత దూరం రావడానికి కారణం ఆమె నోటి మాటే. వాళ్లుండే బండల ఇళ్ల వరసలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ మనిషెత్తు వరకే ఉంటుంది. ఆ పైన నాపరాళ్లు పరిచిన అటక రెండిళ్ల మీదుగా ఒకటే. పక్కింట్లో భీమప్ప ఒక్కడే ఉంటాడు. కన్నడ దిక్కు నుంచి వచ్చిన ముసలాయన, రాళ్లు చెక్కే పని. వానాకాలం వచ్చిందంటే పిడకలు ఎవరివి ఎక్కడ పెట్టాలని ఇద్దరికీ జగడం. "అటక మాదే" అని ఈమె, "నీ మొగడు కట్టిచ్చిండా?" అని అతను. మూడేళ్లు ఇదే పాట.

నిరుడు ఎండాకాలం ఆబ్కారీ జవాన్లు ఇంటిమీద పడ్డారు. నిచ్చెన వేసి అటక ఎక్కి గోనెసంచి దించారు. ముప్పావు కిలో గంజాయి. "ఈ అటక ఎవరిది?" అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు. మూడేళ్ల జగడానికి అలవాటు పడిన నోరు ఆలోచించలేదు. "మాదే. గీ మూలకెల్లి గా మూల దాక మాదే," అంది. పంచనామాలో అదే రాశారు. మూడో తరగతి చదువుకున్న మహబూబ్‌బీ దాని కింద పొందికగా సంతకం కూడా పెట్టింది. ఇల్లు కొడుకు పేరున ఉండడంతో తాజ్‌ను పట్టుకుపోయారు. తాండూరు కోర్టు ఏడాది శిక్ష వేసింది. అప్పీలు వేసి బెయిలు తెచ్చేలోగా పన్నెండు రోజులు లోపలున్నాడు.

సోదా జరిగిన రోజు నుంచి గోడ అవతల మాట లేదు. అప్పుడప్పుడు దగ్గు వినిపించేది, అంతే.

వికారాబాద్ పై కోర్టులో ఆమె వాంగ్మూలం కూడా తీసుకోవాలని వకీలు యోహాను దరఖాస్తు పెట్టాడు. జడ్జి ఒప్పుకున్నాడు. వరండాలో యోహాను గొంతు తగ్గించి అన్నాడు: "సంచి పక్కాయనదని ఒక్క మాట చెప్పమ్మా. పని అయిపోతది."

"నేను చూసిన్నా సార్?"

"నీకు తెల్వదా?"

"తెలుసుడు వేరే, చూసుడు వేరే. ఒక్కసారి సోంచాయించకుండ చెప్తేనే గింతదూరమొచ్చింది."

బోనెక్కి నిలబడింది. చెక్క కటకటాలు విరిగి పడతానేమోనని అనిపించింది.

"అటక మాదేనని సంతకం పెట్టావు. ఇప్పుడు కాదంటావా?" అన్నాడు జడ్జి.

"కొట్లాటల 'మాదే' అన్న సార్. మా ఒక్కల్లదే కాదు. నడుమ గోడ లేదు. మా దిక్కు నిలబడి చెయ్యి చాపితే ఆ దిక్కు పిడక అందుతది. ఆ దిక్కోళ్లకు మాది అందుతది."

"అంటే సంచి పక్కింటివాడిదా?" సర్కారు వకీలు లేచాడు.

"నేను చూడలే."

"మరి ఎవరిది?"

"చూడంది ఎట్ల చెప్త సార్? మీరు నన్ను లోపలెయ్యుండ్రి, చెప్ప."

జడ్జి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. పక్క ఇల్లు సోదా చేశారా? లేదు. పైన గోడ లేని సంగతి రాశారా? ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరగేశాడు. అందులో లేదు.

మధ్యాహ్నం తీర్పు చెప్పారు. రెండిళ్లవాళ్ల చేతికీ అందే చోట దొరికిన సరుకు తాజ్‌దేనని అనడానికి వీల్లేదు. శిక్ష కొట్టేశారు. తాజ్ తల్లి భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మాత్రం యోహానును అడుగుతూనే ఉంది: "సర్కారోళ్లు ఇంకా పైకి పోతే ఎట్ల సార్?"

"అమ్మీ, జర నవ్వు," అన్నాడు కొడుకు. "నవ్వుతే కేసు పెట్టరు."

మర్నాడు పొద్దున ఆమె పనికి బయల్దేరేసరికి భీమప్ప తలుపుకు గొళ్లెం పెడుతున్నాడు. భుజాన దుప్పటి మూట. ఈ ఏడాదిలో మనిషి సగమయ్యాడు.

"కేసు కొట్టేసిన్రు భీమన్నా."

అతను తిరగలేదు.

"నీ పేరు నేను తియ్యలే. మా తాజు తియ్యలే."

గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంది. దగ్గు వచ్చింది, పోయింది. వీధి చివర రాళ్ల లారీ ఒకటి మూలుగుతూ మలుపు తిరిగింది. ఆమె కదల్లేదు.

"గీ దగ్గుతోని ఒక్కనివి యాడికి పోతవు? దారిల జరమొస్తే నీళ్లెవరిస్తరు?"

భీమప్ప మూట దించి విప్పాడు. అందులోంచి రాయి చెక్కే సుత్తె తీసి ఆమె గడప మీద పెట్టాడు. మూట మళ్లీ కట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ సంచి నాదే చెల్లే," అన్నాడు. "ఆ దినమే చెప్పాల్సుండె. నోరు రాలే. ఇచ్చెటందుకు నా కాడ గిదొక్కటే ఉంది."

స్టేషను దారిలో అతని దగ్గు వినబడినంతసేపూ ఆమె నిలబడే ఉంది. గడప మీద సుత్తె. నలభై ఏళ్లు ఒకే చెయ్యి పట్టిన చోట కర్ర సన్నబడి, నాలుగు వేళ్లకు నాలుగు గుంటలు పడి ఉంది.