రెండు ఎక్స్‌రేల నడుమ

రామచంద్రయ్య గొంతులో కుడివైపు ఏదో ఇరుక్కున్నట్టు ఉండబట్టి ఏడాది దాటింది. మింగితే దిగదు, కాండ్రిస్తే బయటికి రాదు. మొదట్లో ఎవరి పెండ్లిలోనో తిన్న మాంసంలోని ఎముక ముక్క అనుకున్నాడు. అన్నం ముద్దలు నమలకుండా మింగి చూశాడు, అరటిపండ్లు తిని చూశాడు. తర్వాత చెవిలో పోటు మొదలైంది. పొద్దున లేస్తే నోట్లో తనకే పడని వాసన. భార్య గుర్వమ్మ ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడటం అతను గమనించాడు.

గొంతు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దానికి కారణం అతని అన్న బీరయ్య. బీరయ్యకు కూడా ఇట్లాగే, ఏదో అడ్డం పడినట్టుందన్న మాటతోనే మొదలైంది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతే గొంతులో గడ్డ అన్నారు. చివరికి నీళ్ళు కూడా దిగని రోజుల్లో అన్న పక్కన కూర్చున్నది రామచంద్రయ్యే. గొంతు డాక్టరు దగ్గరికి పోతే తనకూ ఆ మాటే చెప్తారని అతని భయం. ఆ మాట వినకపోతే రోగం లేనట్టే అనుకుని గొర్లను తోలుకుని పోతుండేవాడు.

అదే వైపు చివరి దంతం కూడా పుచ్చి నొప్పి పెట్టడంతో ఒక వంక దొరికింది. పన్ను నొప్పి అని చెప్పుకోవడానికి భయం లేదు. కోడలు నాగరాణి అతన్ని బస్సులో కల్వకుర్తికి తీసుకుపోయింది.

పండ్ల డాక్టరు శోభ నెమ్మదైన మనిషి. నోరు తెరిపించి చూసి, దవడ మొత్తం ఎక్స్‌రే తీయాలంది. చెవుల పోగులు తీసేయమంటే రామచంద్రయ్య జంకాడు. పెండ్లినాడు పెట్టుకున్నవి, మళ్ళీ తీసింది లేదు. నాగరాణి సబ్బు నీళ్ళు రాసి మెల్లగా ఊడదీసింది. గడ్డం ఒక పలక మీద ఆనించి, చిన్న పుల్లను ముందు పండ్లతో కరిచి పట్టుకుని నిలబడితే, మిషను అతని తల చుట్టూ తిరిగింది.

కంప్యూటరు మీద దవడ అంతా ఒక్క పట్టీలాగా కనిపించింది. పుచ్చిన దంతం చూపించాక శోభ వేలు ఇంకొంచెం వెనక్కి పోయింది. దవడ ఎముక పైకి లేచే చోట, దాని మీద, జొన్నలు చల్లినట్టు నాలుగైదు తెల్ల చుక్కలు ఉన్నాయి. గొంతులో ఏమన్నా ఇరుక్కున్నట్టుంటుందా అని ఆమె అడిగింది.

"ఏం లేదమ్మా. పన్ను నొప్పే," అన్నాడు రామచంద్రయ్య.

శోభ మళ్ళీ నోరు తెరిపించి, నాలుక అదిమి లైటు వేసి చూసింది. పైకి ఏమీ కనబడటం లేదంది. తను చూసినంతలో అవి టాన్సిల్స్‌లో పేరుకున్న రాళ్ళు కావచ్చనీ, భయపడాల్సింది కాదనీ చెప్పింది. అయితే ఈ ఎక్స్‌రేలో ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. ఆ చుక్కలు ఎముకలో ఉన్నాయా, లాలాజలం ఊరే గ్రంథిలో ఉన్నాయా, గొంతులోనా అన్నది దీంతో తేలదు. పుచ్చిన పన్నుకు మందు పెట్టి, మహబూబ్‌నగర్‌లో త్రీడీ స్కాన్ తీయించుకుని, అక్కడే గొంతు డాక్టరుకు చూపించుకోమని రాసిచ్చింది.

ఇందులో రామచంద్రయ్య చెవిన పడింది ఒక్కటే, గొంతు డాక్టరు. తిరుగు బస్సులో నాగరాణి మళ్ళీ మళ్ళీ చెప్పింది. మందను దూరం నుంచి చూస్తే ఏ గొర్రె ముందుందో ఏది వెనకుందో తెలియదు కదా, ఫొటోలో కూడా అంతేనట, పక్కకు పోయి చూస్తే తెలుస్తదట అంది. అతను కిటికీ లోంచి బయటికి చూస్తూ తలూపాడు. బీరయ్యకు కూడా మొదట భయం లేదనే చెప్పారు.

మహబూబ్‌నగర్ పోవడం వెంటనే కుదరలేదు. ముసురు పట్టి వాగులు పొంగాయి. కొడుకు శివకృష్ణ కల్వకుర్తిలో బడి బస్సు నడుపుతాడు, అతనికి సెలవు దొరకలేదు. ఆ వాన రోజుల్లో దొడ్డి పక్కన కూర్చుని రామచంద్రయ్య ఒక లెక్కకు వచ్చాడు. తను పోయాక మంద శివకృష్ణ చేతికి వస్తే ఒక్క సంతలో అమ్మేసి వ్యాను కొంటాడు. ఆ సంగతి కొడుకు దాచిపెట్టలేదు కూడా. నాగరాణి వేరు. ఆమె పుట్టింటి వాళ్ళకూ గొర్లున్నాయి. ఈనలేక కష్టపడే గొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చునేది ఇంట్లో తన తర్వాత ఆమే.

వాన తెరపిచ్చిన రోజు కులపెద్ద సాయన్నను, ఇంకో ఇద్దరు పెద్దమనుషులను దొడ్డి దగ్గరికి పిలిపించాడు. గుర్వమ్మకు కూడా సంగతి అప్పుడే తెలిసింది.

"గీ మంద ఇయ్యాల్టి సంది నా కోడలిది. ఉన్నయీ ఆమెయే, పుట్టేటియీ ఆమెయే. నా కొడుకుకు ఇందుల హక్కు లేదు," అన్నాడు.

ఎందుకంత తొందర అని సాయన్న అడిగాడు. రామచంద్రయ్య గొంతు మీద చెయ్యి పెట్టి, అన్నకు వచ్చిందే తనకూ వచ్చిందని చెప్పాడు. గుర్వమ్మ అక్కడే కూలబడింది. డాక్టరమ్మ అట్లా అనలేదని నాగరాణి అందరికీ చెప్పింది గానీ, మనసులో మాట ఇన్నాళ్ళకు బయటపెట్టిన మనిషి ముందు ఆ మాట నిలవలేదు. శివకృష్ణ సాయంత్రం వచ్చి విన్నాడు. తండ్రి జబ్బుకు ఏడవాలో, మంద పోయినందుకు కోపం చేయాలో తెలియక అన్నం తినకుండా పడుకున్నాడు.

మరుసటి వారం మహబూబ్‌నగర్ పోయారు. ఈసారి కూర్చోబెట్టి స్కాన్ తీశారు. గొంతు డాక్టరు బెంజమిన్ ఆ ఫొటోను కంప్యూటరు మీద అటు తిప్పి ఇటు తిప్పి, పై నుంచి కూడా చూపించాడు. పక్క నుంచి చూసినప్పుడు ఎముక మీద ఉన్నట్టున్న చుక్కలు, పై నుంచి చూస్తే ఎముకకు లోపల, విడిగా, టాన్సిల్ ఉండే చోట ఉన్నాయి. ఎముకకు ఏమీ కాలేదు. గడ్డ ఛాయ ఎక్కడా లేదు. టాన్సిల్ గుంటల్లో తిండి నలుసులూ మురికీ చేరి సున్నం లాగా గట్టిపడతాయనీ, చెవి పోటుకూ వాసనకూ అదే మూలమనీ చెప్పాడు. గొంతులో అడ్డంగా ఉంటుందా అని ఈయన కూడా అడిగాడు.

"ఉంటది సార్. ఏడాది సంది," అన్నాడు రామచంద్రయ్య.

నాగరాణి తల తిప్పి అతని వైపు చూసింది.

గొంతుకు మందు కొట్టి మొద్దుబార్చాక, డాక్టరు సన్నటి పనిముట్టుతో టాన్సిల్‌ను అదిమాడు. పసుపుపచ్చ గింజలు రెండు వచ్చాయి. లోతుగా ఉన్న పెద్దదానికి సూది వేసి, కొంచెం కోసి తీయాల్సి వచ్చింది. కంది గింజంత ఉంది. గాజుగుడ్డ మీద పెట్టి చూపిస్తే, ఆ వాసనకు రామచంద్రయ్య తనే ముఖం తిప్పుకున్నాడు. ఇవి మళ్ళీ కూడా రావచ్చనీ, తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్ళు పుక్కిలించాలనీ డాక్టరు చెప్పాడు.

ఉమ్మి మింగి చూశాడు. కోత మంట తప్ప ఏమీ లేదు. సంతోషం కంటే ముందు అతనికి సిగ్గు వేసింది.

గొంతు మానాక కొన్నాళ్ళు అతను మంద మాట ఎత్తలేదు. దొడ్డి దగ్గర పనులు మాత్రం మారాయి. నాగరాణి పశువుల డాక్టరును పిలిపించి అన్నిటికీ టీకాలు వేయించింది. అతను మనసొప్పక ఉంచుకున్న ముసలి గొర్లను ఏరి సంతకు పంపింది. వాటిలో అతను పాలు పట్టి బతికించిన గొర్రె ఒకటి ఉంది. ఆ రోజు అతను సాయన్న ఇంటికి పోయి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే దారి ఏమన్నా ఉందా అని అడిగాడు. సాయన్న చాలాసేపు నవ్వి, పోయి కోడలినే అడగమన్నాడు.

నాగరాణి దొడ్డి ఊడుస్తోంది. అతను తడిక పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, నేను సస్తననుకొని ఇచ్చిన. సావకపోతిని."

"మంచిగయ్యింది మామా."

"మరి మంద?"

నాగరాణి చీపురు ఆపింది. "అందరి ముందట ఇచ్చినవ్. నీ కొడుకు నాతోని పది దినాలు మాట్లాడలే, అయినా ఊకున్న. నీకు మళ్ళ ఇస్తే, రేపు నువ్వు పోయినంక గది ఆయన చేతికే పోతది. నేనియ్య. నువ్వు మందెంబడి రా, ఎవరొద్దన్నరు?"

అతనికి కోపం వచ్చింది. ఆ పూట ఇంటికి పోయి గుర్వమ్మ మీద అరిచాడు. నీకెవరు ఇయ్యమన్నరు అని ఆమె అడిగింది, అదీ అతని ముఖంలోకి సూటిగా చూస్తూ. అతను ఆమె పెట్టిన సంకటి తిన్నాడు.

మర్నాడు మందతో పాటు పోయాడు. ఆ తర్వాత రోజూ పోతూనే ఉన్నాడు. తన మాట చెల్లని చోట గొణిగేవాడు, చెల్లిన చోట ఊరంతా చెప్పుకునేవాడు. ఎండాకాలం వలస పోయేటప్పుడు శ్రీశైలం అడవుల దిక్కు పోదామని అతనన్నాడు. నాగరాణి నాలుగు చోట్లకు ఫోన్లు చేసి, ఆ దిక్కున మేత లేదనీ, కృష్ణ ఒడ్డుకు పోదామనీ చెప్పింది. గొంగడి భుజాన వేసుకుని అతను ముందు నడిచాడు. ఆమె వెనక నుంచి మందను తోలింది.