బుచ్చవ్వ పీకిన గడ్డి

ఆ ఉదయం మక్కచేనులో చేయాల్సిన పనులు ఇవి. పదిహేను మళ్ల గుర్తుకర్రలు సరిచూడాలి. ఒక్కో మడిలో రెండుసార్లు చట్రం విసరాలి. అందులో పడిన కలుపు మొక్కల్ని ఏ జాతివి ఎన్నో లెక్కపెట్టాలి, కోసి సంచుల్లో ఆరబెట్టాలి.

నేను ఒక ఇనుప చట్రాన్ని, అరమీటరు చదరాన్ని. బస్టాండు పక్క వెల్డింగు షాపులో, ఎవరి కిటికీకో కోయగా మిగిలిన ఊచలతో పుట్టాను. పరిశోధన కేంద్రంలో ఏటా ఒక విద్యార్థి చేతికి వెళ్తాను. నన్ను కళ్లు మూసుకుని విసరాలని నియమం. చూసి విసిరితే చెయ్యి తనకు నచ్చిన చోటికే పోతుందని మనుషులకు తెలుసు.

ఆ ఏడు సుగుణ చేతికి వచ్చాను. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. నాలుగు కలుపుమందుల్లో ఏది గునుగును, వయ్యారిభామను బాగా అణుస్తుందో తను తేల్చాలి. ఒక్కో మందుకు మూడు మళ్లు. ఏ మందూ కొట్టనివి మరో మూడు. వాటిలో పెరిగిన గడ్డితో పోలిస్తేనే మందుల పనితనం తెలిసేది.

ఆ ఉదయం మందు కొట్టని మడిలో పడ్డాను. లోపల రెండే మొక్కలు. మిగతా రెండు మళ్లూ అంతే.

నలభై ఏళ్లుగా కలుపు తీసే బుచ్చవ్వ గట్టున కూర్చుని ఉంది.

"అవ్వా, ఈడ గడ్డి ఏమైంది?"

"నిన్న పని దిగినంక నేనే పీకిన బిడ్డా. అన్ని మళ్లు మంచిగున్నయి, గీ మూడే పాడువడ్డయి. మీ సారు జూస్తే నీకు మార్కులు తక్కువేస్తడని."

"గవ్వి పీకొద్దవ్వా. మందు లేకుంటె గడ్డి ఎంతొస్తదో సూసుడే పని."

"సదువుకున్నోళ్లు గడ్డిని గూడ సాదుతరా?" అని నవ్వింది. సుగుణ ముఖం చూసి ఆపేసింది.

పీకకముందు ఉండేవన్నట్టు చట్రానికి అరవై మొక్కలని రాస్తే అడిగేవాళ్లు లేరు. బుచ్చవ్వ పనీ పోదు. కానీ ఆ అంకెను నమ్మి రైతులు మందు కొంటారు. మూడు మళ్ల గడ్డి బుచ్చవ్వ పీకిందని సుగుణ నిజమే రాసింది. అవ్వకు ముందే చెప్పకపోవడం తన తప్పని కింద రాసింది. సారు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. మర్నాటి నుంచి బుచ్చవ్వను పనికి పిలవలేదు.

సుగుణ మరుసటి పంటకు ప్రయోగమంతా మళ్లీ చేసింది. మూడో మందు మేలని తేలింది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో కలుపు కూలికి పిలుపులే తక్కువ. నేను స్టోరు గదిలో విరిగిన పైపుల కింద తుప్పు పడుతున్నాను.

తన పరిశోధన పుస్తకంలో కృతజ్ఞతల పేజీలో సుగుణ బుచ్చవ్వ పేరు రాసింది. కూలీల పేర్లెందుకని సారు కొట్టేశారు. మీరైనా గుర్తుపెట్టుకోండి. ఆమె పేరు ఆరెపల్లి బుచ్చవ్వ. పరాయి పిల్లకు మార్కులు తగ్గకూడదని, ఎవరూ చెప్పకుండానే మూడు మళ్లు వంగి శుభ్రం చేసిన మనిషి.