జానెడు అంచు

బాలరాజు నా గడప తొక్కి అప్పటికి రెండేళ్ళయింది. ఆ రోజు మళ్ళీ తొక్కనిచ్చాను. మా అమ్మాయి సంతోషికి ఓణీ వేస్తున్నాం, మేనమామ లేకుండా కుదరదని మా అక్క బాలనర్సమ్మ పట్టుబట్టింది. నేను పిలవలేదు. ఆమే ఫోన్ చేసింది.

బాలరాజు నా భార్య నీలవేణికి తమ్ముడు. ఉండేది బోడుప్పల్‌లో. ఉప్పల్ చౌరస్తా దాటి నాచారం వైపు తిరిగితే మా ఇల్లు. నీలవేణి దవాఖానాలో ఉన్నప్పుడు తమ్ముడు వచ్చాడా అని రోజూ అడిగేది. అతను అప్పుడు వాళ్ళ పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. హద్దురాళ్ళు పాతించే పని ఉందన్నాడు. తర్వాత వచ్చాడు, పాడె పట్టడానికి. అది నేను మరిచిపోయే సంగతి కాదు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. ఆడపిల్ల మొదటి లంగా ఓణీని దర్జీకి ఇవ్వరు. మేనమామ భార్య ఇంట్లో కూర్చుని కుట్టాలి. లంగా అంచు చుట్టూ కుట్టి ఒక్క జానెడు వదిలేసి తేవాలి. ఆ జానెడు పిల్ల ఇంట్లో, నలుగురి ముందు, చేత్తో కుట్టి ముడి వేయాలి. ముడి పడ్డాకే పిల్ల కట్టుకుంటుంది. పద్ధతులు వాళ్ళకు బాగా గుర్తుంటాయి. మనుషులే గుర్తుండరు.

వాళ్ళను నమ్మలేక నేనొక రెడీమేడ్ లంగా కొని అల్మారాలో పెట్టాను. పిల్ల అది కట్టుకుందంటే మేనమామ బట్టలు కాదన్నట్టే. ఆ ఇంటితో తెగిపోయినట్టే. నిజం చెప్పాలంటే, తెగిపోతే బాగుండునని ఉంది నాకు.

బాలరాజు కొత్త కారు గల్లీ మొదట్లో ఆపుకుని వచ్చాడు. చేతికి లావుపాటి బ్రాస్‌లెట్. వెనకాల అతని భార్య తారామణి, పళ్ళెంలో పసుపు కుంకుమ, పూలు, ఆకుపచ్చ పట్టు లంగా.

"బాగున్నవా బావా?" అన్నాడు.

"చెప్పులు బయట విడువు," అన్నాను.

బయట షామియానా కింద చుట్టాలు కూర్చున్నారు. లోపలి గదిలో చాప వేశాం. తారామణి సంతోషిని నిలబెట్టి లంగాను నడుముకు ఆనించి చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. అంచు పిల్ల చీలమండకు నాలుగు వేళ్ళ పైన ఆగింది.

మా అక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఏందే తారా గిది? పిల్ల పొలంల నాటు వెయ్య పోతున్నదా, ఓణీ ఏసుకుంటున్నదా?"

"ఓ పెండ్లిల జూసినప్పుడు నా భుజం దాంక గూడ లేకుండె అక్కా. గా అందాజ మీద కోసిన," అంది తారామణి.

"పిల్లలు గాజుల లెక్క గట్లనే ఉంటరా? పెరగరా?"

"ఇంటికొచ్చి కొలత తీసుకుంటే తెలుస్తుండె," అన్నాను నేను. అది తారామణితో అన్న మాట కాదు. ఎవరికి తగలాలో అతనికి తగిలింది. బాలరాజు గోడ వైపు చూశాడు.

"అల్మారాల ఇంకోటున్నది. గా లంగ తియ్యక్కా," అన్నాను.

అక్క కదల్లేదు. సంతోషి నన్ను చూసింది, అత్తను చూసింది. తారామణి లంగాను గుండెకు హత్తుకుంది.

"జర ఆగన్నా. లోపల మడత వెట్టిన. విప్పితే దిగుతది. ఒక్క బ్లేడియ్యి."

పెరిగే పిల్లలకు లోపల మడత పెట్టి కుట్టడం పల్లెల్లో అందరూ చేసేదే. ఏటేటా కొంచెం విప్పుకోవచ్చు. నా గడ్డం బ్లేడే ఇచ్చాను. ఆమె చాప మీద కూర్చుని లంగాను తిరగేసింది. పట్టు మీద బ్లేడు జారితే ఇక కుట్టేదేమీ ఉండదు. ఒక్కో కుట్టును గోటితో ఎత్తి తెంపుతుంటే పైపెదవి మీద చెమట పట్టింది. చుట్టూ వచ్చేసరికి బయట పంతులు రెండుసార్లు కేక వేశాడు.

"వస్తున్నం! నీ మంత్రాలు యాడికి పోవు!" అని అక్క లోపలి నుంచే అరిచింది.

మడత దిగింది. పొడవు సరిపోయింది. కానీ పట్టు మీద రెండు గీతలు పడ్డాయి, చుట్టూరా, సూది దిగిన చోటల్లా చుక్కలతో.

తారామణి ఆ గీతలను బొటనవేలితో రుద్దింది. పోలేదు. మళ్ళీ రుద్దింది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"ఇస్త్రీ వెడితే పోతయా?" అన్నాడు బాలరాజు.

"ఏమో."

అతను లంగా తీసుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. గల్లీ చివర ఇస్త్రీ బండి ఉంది. కిటికీలోంచి చూశాను. తడి గుడ్డ పరిచి మెల్లగా తిప్పమని బండివాడికి చేతులూపుతూ చెబుతున్నాడు. మధ్యలో ఒకసారి ఇస్త్రీపెట్టె తనే లాక్కోబోయాడు. వాడు ఇవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు లంగాను రెండు చేతుల మీద పరుచుకుని, ఎండలో కాళ్ళు కాలి గెంతుతూ వచ్చాడు. గల్లీలో ఆడవాళ్ళు నవ్వారు.

మడత దగ్గరి ముడతలు పోయాయి. గీతలు పలచబడ్డాయి గానీ పోలేదు.

ఇక జానెడు అంచు మిగిలింది. తారామణి సూదిలో దారం ఎక్కించబోతే రెండుసార్లు తప్పింది. సంతోషి దారం లాక్కుని తనే ఎక్కించి ఇచ్చింది. తర్వాత అత్త ముందు గొంతుకూర్చుని, అంచును రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"అత్తా, మెల్లగ గుట్టు. నాకేం జల్ది లేదు."

"నీకు లేకుంటే మీ నాయినకున్నది బిడ్డా," అంది తారామణి.

ఆమె కుట్టింది. మొదటి కుట్లు వంకరగా పడ్డాయి, తర్వాతవి సరిగా పడ్డాయి. జానెడు పూర్తయి ముడి పడింది. అక్కడ సూది ఆగిపోయింది.

ఆ దారం కత్తెరతో తెంపకూడదు. పిల్ల తల్లి పంటితో తెంపాలి. అందరికీ తెలుసు. అక్కడికి వచ్చేదాకా ఎవరూ తలచుకోలేదు. తారామణి సూదిని పైకి పట్టుకుని కూర్చుంది. ఎవరి ముఖం చూడాలో ఆమెకు తెలియలేదు.

"నేను గొరుకుత," అన్నాడు బాలరాజు. "మా అక్క బదులు."

"నువ్వు ముట్టకు," అన్నాను.

నేను కాదంటే అల్మారా తెరవాలి. కాదనడానికే నిలబడ్డాను. కానీ అతను చాప వైపు ఒక అడుగు వేశాడు. నీలవేణి పని అతని నోటితో కావడం నాకిష్టం లేదు.

వంగాను. మోకాళ్ళు పట్టేశాయి. సంతోషి అంచును నా నోటి దాకా ఎత్తింది. కొరికాను. మొదటిసారి తెగలేదు.

"పక్క పండ్లతోటి తమ్మి," అంది అక్క. "ముందటియి కల్లు దుకాణంల ఊడగొట్టుకుంటివి గద."

సంతోషి కిసుక్కుమంది. పక్క పళ్ళతో కొరికాను. తెగింది. తారామణి ఊపిరి వదిలింది. ఆమె చేతులు ఒళ్ళో పడిపోయాయి, చాలాసేపు బరువు మోసినట్టు.

పిల్ల లంగా కట్టుకుని షామియానా కిందికి పోయింది. నడిస్తే గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. మేడిపల్లి నుంచి వచ్చిన ముసలామె ఒకతి అడగనే అడిగింది.

"ఏందే ఆ గీతలు?"

"డిజైను అమ్మమ్మా. మా అత్త కుట్టింది," అంది సంతోషి.

అన్నాలప్పుడు బాలరాజు చివరి పంక్తిలో కూర్చున్నాడు. నేను వడ్డించలేదు. వేరే ఎవరో వడ్డించారు. పోయేముందు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను బకెట్లు సర్దుకున్నాను. దారం తెంపింది పిల్ల కోసం. అతని కోసం కాదు.

తారామణి చెప్పులు వేసుకుంటుంటే ఆపాను.

"చెల్లే, బతుకమ్మకు రా. పిల్లకు జడేసే మనిషి లేదు."

"వస్తన్నా," అంది.

అతని సంగతి ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.